పొద గులాబి

పొద గులాబి అనగా నేలమట్టం నుండి పలు కొమ్మలతో గుబురుగా పెరిగి, తరచు కత్తిరింపులు మరియు మందుల పిచికారీలు లేకుండానే సంవత్సరంలో పలుమార్లు పూసే గులాబి. ఇది రోజేసీ కుటుంబంలోని రోజా ప్రజాతికి చెందినది. పొద గులాబి అనేది ఒక జాతి పేరు కాదు. పుట్టుకలో ఒకదానికొకటి సంబంధం లేని అనేక రకాలను, పెరిగే తీరును బట్టి తోటమాలులు ఒకచోట చేర్చి పెట్టుకున్న పేరు. చలిదేశాలలో ఈ మొక్కలను శీతాకాలంలో మట్టి లేకుండా వేళ్ళతో సహా తవ్వి అమ్ముతారు. ఈ వ్యాసంలో అటువంటి మొక్కలను నాటి పెంచే పద్ధతి, ముఖ్యంగా నెల్లూరు జిల్లా పశ్చిమ భాగాన ఉన్న అనంతసాగరం, ఆత్మకూరు, ఉదయగిరి ప్రాంతాలలో అది ఎంతవరకు సాధ్యమన్న విషయం వివరించబడినది.

పేరు

గులాబి అన్న మాట పారశీక భాష నుండి వచ్చినది. ఆ భాషలో గుల్ అంటే పువ్వు, ఆబ్ అంటే నీరు. గులాబ్ అంటే పన్నీరు. నీటి పేరు మన దేశంలో పువ్వుకు స్థిరపడినది. తెలుగులో రోజా అని కూడా అంటారు.

మట్టి లేకుండా వచ్చే మొక్కను ఆంగ్లం నుండి తీసుకొని "బేర్ రూట్" మొక్క అని నర్సరీల వారు వ్యవహరిస్తారు. దీనిని "వట్టి వేరు మొక్క" అని అనువదిస్తే చిక్కు వస్తుంది. వట్టివేరు అన్నది తెలుగులో తడకలకు, కూజా నీటికి వాడే సువాసన గల గడ్డి వేరు పేరు. కనుక ఈ వ్యాసంలో "మట్టిలేని మొక్క" అన్న మాట వాడబడినది. వేళ్ళ చుట్టూ మట్టిముద్దతో వచ్చేదానిని గడ్డ మొక్క అని, ప్లాస్టిక్ సంచిలో పెంచినదానిని సంచి మొక్క అని గుర్తించవచ్చును.

పూర్వ చరిత్ర

అడవి గులాబీలు ఉత్తరార్ధగోళానికి చెందినవి. ఐరోపాలో ప్రాచీన కాలం నుండి పెంచిన గులాబీలలో ఎక్కువ భాగం సంవత్సరానికి ఒక్కసారే, వేసవి ఆరంభంలో పూసేవి. ఏడాది పొడవునా పూసే గుణం చైనా గులాబీలది. 18వ శతాబ్దం చివరలో ఇవి ఐరోపాకు చేరినవి. వాటిలో కొన్ని కలకత్తా మీదుగా వెళ్ళుటచే వాటికి అక్కడ బెంగాల్ గులాబీలన్న పేరు వచ్చినది. చైనా మొక్కకు రోజా ఇండికా అన్న శాస్త్రీయ నామం వాడుకలోకి వచ్చినదంటే ఆ కాలపు వర్తక మార్గాల ప్రభావం ఎంతటిదో తెలుస్తుంది.

హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవిని అప్పట్లో బూర్బన్ దీవి అనేవారు. 19వ శతాబ్దం ఆరంభంలో అక్కడ చైనా గులాబికి, డమాస్క్ వర్గపు గులాబికి సహజంగా సంకరం జరిగి కొత్త రకం పుట్టినది. దానినే బూర్బన్ గులాబి అంటారు. ఈ వర్గానికి చెందిన "రోజ్ ఎడ్వర్డ్" మన దేశంలో బాగా వ్యాపించినది. ఎడ్వర్డ్ గులాబి అన్న పేరుతో నేటికీ అంటుకట్టడానికి వేరు మూలంగా దీనిని వాడుతారు. అనంతసాగరం వంటి వేడి ప్రాంతాల వారికి ఈ సంగతి ముఖ్యమైనది. చలికాలం లేని దీవిలో పుట్టి, మన మైదానాలలో స్థిరపడిన వంశం ఇది.

1867లో ఫ్రాన్సులో "లా ఫ్రాన్స్" అన్న రకం వెలువడినది. దీనిని మొదటి హైబ్రిడ్ టీ గులాబిగా పరిగణిస్తారు. పొడవైన కాడ, పెద్ద మొగ్గ గల ఈ వర్గం పూలగుత్తుల వ్యాపారానికి, ప్రదర్శనలకు అనుకూలించడంతో 20వ శతాబ్దంలో తోటలను ఆక్రమించినది. అందానికై ఎంపిక చేసిన ఈ మొక్కలలో పలు రకాలకు తెగుళ్ళను తట్టుకొనే శక్తి తక్కువ. వారం వారం మందు కొట్టకపోతే ఆకులు రాలిపోయే స్థితి ఏర్పడినది. దీనికి విరుగుడుగా కొందరు ప్రజననకారులు పొద గులాబీల వైపు మళ్ళినారు. అమెరికాలోని అయోవా రాష్ట్ర విశ్వవిద్యాలయంలో గ్రిఫిత్ బక్ మందులు కొట్టకుండా, చలికి కప్పకుండా మొక్కలను వదిలివేసి, బ్రతికినవాటినే ఎంపిక చేసినాడు. ఆయన "కేర్‌ఫ్రీ బ్యూటీ" 1977లో విడుదలైనది. టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో గణితాచార్యుడైన రాబర్ట్ బేసీ తీరిక వేళలలో గులాబీలను సంకరం చేసేవాడు. ఆయన రూపొందించిన "బెలిండాస్ డ్రీమ్" 1988లో వెలువడినది. 2000 సంవత్సరంలో విలియం రాడ్లర్ రూపొందించిన "నాకౌట్" వచ్చి, నల్లమచ్చ తెగులును తట్టుకొనే గుణం వలన విశేష ప్రచారం పొందినది.

ఈ రకాల పేర్లతో పాటు వచ్చే "శ్రద్ధ అక్కరలేని గులాబి" అన్న ప్రకటనను కొంత జాగ్రత్తగా అర్థం చేసుకోవలెను. బక్ తన మొక్కలను పరీక్షించినది అయోవా చలిలో. మంచును తట్టుకున్న మొక్క రోహిణి కార్తె ఎండను తట్టుకొంటుందని ఆ పరీక్ష చెప్పదు.

మట్టిలేని మొక్క అనగా నేమి

చలిదేశాలలో ఆకురాల్చిన గులాబి శీతాకాలమంతా నిద్రావస్థలో ఉంటుంది. ఆకులు లేవు కనుక నీరు ఆవిరి కావడం చాలా తక్కువ. చెరకులోని చక్కెర వలె, కొమ్మలలోను వేళ్ళలోను పిండిపదార్థం నిలువ ఉంటుంది. ఈ స్థితిలో మొక్కను తవ్వి, మట్టి దులిపి, చల్లని గదులలో తేమగా ఉంచితే వారాల తరబడి బ్రతుకుతుంది. మట్టి బరువు లేనందున రవాణా ఖర్చు తగ్గుతుంది. ఒక సంచి మొక్క పట్టే చోట చాలా మట్టిలేని మొక్కలను సర్దవచ్చు. మట్టితో పాటు వచ్చే నులిపురుగులు, కలుపు విత్తనాల బెడద కూడా తగ్గుతుంది. వేళ్ళు కంటికి కనబడుతాయి కనుక మంచి చెడ్డలు కొనేటప్పుడే తెలుస్తాయి. సంచి మొక్కలలో వేళ్ళు చుట్టలు చుట్టుకొని ఉన్నదీ లేనిదీ సంచి చింపిన తరువాత గాని తెలియదు.

ఈ సౌకర్యమంతా నిద్రావస్థ మీద ఆధారపడి ఉన్నది. అనంతసాగరంలో గులాబి నిద్రపోదు. ఇక్కడ డిసెంబరు, జనవరి నెలలలో కూడా మొక్క చిగురు వేస్తూ, పూస్తూనే ఉంటుంది. కనుక ఉత్తరాదిన చలికి నిద్రించిన మొక్కను ఇక్కడికి తెచ్చినప్పుడు వెచ్చదనానికి కళ్ళు వెంటనే మేల్కొంటాయి. కొత్త పీచు వేళ్ళు మాత్రం పుట్టడానికి రెండు మూడు వారాలు పడుతుంది. చిగురు ముందు, వేరు వెనుక అయినప్పుడు కొమ్మలోని నిలువ ఖర్చయిపోయి, మొక్క పదిహేనవ రోజున పచ్చగా కనిపించి నలభయ్యవ రోజున ఎండిపోతుంది. మొదటి చిగురును చూసి మొక్క నాటుకున్నదని సంతోషించడం ఈ ప్రాంతంలో సర్వసాధారణమైన పొరపాటు. ఇక్కడి నాటే పద్ధతిలోని జాగ్రత్తలన్నీ ఈ ఎడమను పూడ్చడానికి ఉద్దేశించినవే.

అనంతసాగరం ప్రాంతపు నేల, వాతావరణం

అనంతసాగరం శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లాలో మండల కేంద్రం. పెన్నా నదిపై నిర్మించిన సోమశిల జలాశయం ఈ మండలంలోనే ఉన్నది. దాని నీటి నిలువ సామర్థ్యం 78 టి.ఎం.సి.లు. పడమట వెలుగొండలు, ఉత్తరాన ఉదయగిరి దుర్గం గల కొండలు ఉన్నవి. చెరువుల క్రింద, కాలువల క్రింద వరి పండినా, మిగిలిన భూమిలో అధిక భాగం ఎర్ర గరప నేలలు, రాతి పొరలు గల మెట్టలు.

జిల్లాకు వర్షం ప్రధానంగా ఈశాన్య ఋతుపవనాల వలన అక్టోబరు నుండి డిసెంబరు వరకు, చాలాసార్లు వాయుగుండాల రూపంలో కురుస్తుంది. 2021 నవంబరులో పెన్నాకు వచ్చిన వరదల వంటివి ఈ కాలానివే. తీరానికి దూరమైన కొద్దీ వర్షం తగ్గుతుంది. మే నెలలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటి, పడమటి వడగాలులు వీస్తాయి. గులాబికి ఎండ కంటే ఈ గాలి ఎక్కువ హాని చేస్తుంది.

నీటి విషయం వేరుగా చెప్పవలసి ఉన్నది. ఉదయగిరి వైపు గ్రామాలలో బోరు నీటిలో ఫ్లోరైడు సమస్య తెలిసినదే. గులాబికి అంతకంటే ఇబ్బంది కలిగించేది నీటిలోని ఉప్పు మరియు సున్నపు గుణం. ఇటువంటి నీరు పెట్టిన మొక్కలలో లేత ఆకులు పసుపెక్కి, ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. ఇది ఇనుము అందకపోవడం వలన కలిగే లక్షణం. నేలలో ఇనుము లేక కాదు, సున్నపు గుణం వలన వేరు దానిని తీసుకోలేదు. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, చిటికెడు నిమ్మ ఉప్పు కలిపి సాయంకాలం ఆకులపై చల్లితే తాత్కాలికంగా నయమవుతుంది. చెరువు నీరు, కాలువ నీరు, లేదా వానకాలంలో పట్టి ఉంచిన నీరు వీలైనప్పుడు వాడడం, పాదులో పశువుల ఎరువు పెంచడం శాశ్వతమైన మార్గాలు.

నాటే కాలం

చలిదేశాల పుస్తకాలలో మట్టిలేని మొక్కను నవంబరు నుండి మార్చి వరకు ఎప్పుడైనా నాటవచ్చునని వ్రాసి ఉంటుంది. ఈ సూచన ఇక్కడ పనికిరాదు. అనంతసాగరంలో తగిన కాలం డిసెంబరు మొదటి వారం నుండి జనవరి మధ్య వరకు, అనగా సుమారు ఆరు వారాలు. పెద్ద వానలు వెనుకబడి, నేలలో తేమ నిలిచి, పగలు ఎండ మృదువుగా ఉండే రోజులివి. అక్టోబరు, నవంబరులలో నాటితే ముసురుకు గుంతలో నీరు నిలిచి, కొత్త వేళ్ళు పుట్టకముందే కుళ్ళుతాయి. ఫిబ్రవరిలో నాటితే మొక్కకు ఎండలు ముదిరేలోపు రెండు నెలల వ్యవధి కూడా ఉండదు. డిసెంబరు నడుమ నాటిన మొక్కకు మే నెలలోని అగ్నికార్తె నాటికి దాదాపు 150 రోజుల వేరు ఏర్పడుతుంది. ఈ వ్యత్యాసమే మొక్క నిలిచేదీ పోయేదీ నిర్ణయిస్తుంది.

మొక్కలు తెప్పించుకొనుట

ఉత్తర భారతంలోని గులాబి నర్సరీలు శీతాకాలంలో మొక్కలను తడి నాచు లేదా కొబ్బరిపొట్టు చుట్టి, గోనెపట్టా కట్టి పార్శిలు ద్వారా పంపుతాయి. ఆంధ్ర ప్రదేశ్‌లో నర్సరీలకు ప్రసిద్ధమైన కడియం ప్రాంతంలో ఎక్కువగా సంచి మొక్కలు లభిస్తాయి. మట్టిలేని మొక్కను ఎన్నుకొనేటప్పుడు పెన్సిలు లావు గల ఆరోగ్యకరమైన కొమ్మలు కనీసం మూడు ఉండవలెను. బెరడును గోటితో కొద్దిగా గీకితే లోపల పచ్చగా ఉండవలెను. వేళ్ళు వంచితే వంగవలెను. పుటుక్కున విరిగితే ఎండిపోయినట్లే. నల్లబడి మెత్తగా ఉన్న వేరు కుళ్ళినది. పార్శిలు విప్పేసరికే పొడవైన తెల్లని చిగుళ్ళు వచ్చి ఉంటే అవి ప్రయాణపు వేడికి వచ్చినవి. వాటిని ఉంచుకొనరాదు, చిదిమివేయవలెను.

పార్శిలు వచ్చిన నాడే నాటలేకపోతే, నీడలో చిన్న కాలువ తీసి మొక్కలను ఏటవాలుగా పరచి, వేళ్ళను, సగం కొమ్మలను తడి ఇసుకతో కప్పి రెండు మూడు రోజులు ఉంచవచ్చు. విప్పి గోడకు ఆనించి పెడితే అరగంటలో పీచు వేళ్ళు ఎండిపోతాయి.

పార్శిలు అవసరం లేని మార్గం కూడా ఉన్నది. ఊరిలో ఎవరి పెరటిలోనైనా ఏళ్ళ తరబడి పూస్తున్న నాటు గులాబి ఉంటే, దాని నుండి పెన్సిలు లావు, జానెడు పొడవు గల కొమ్మ ముక్కలను వానలు తగ్గుముఖం పట్టిన తరువాత నీడ మడిలో మూడింట రెండు వంతుల లోతుకు గుచ్చితే రెండు నెలలలో వేరు పడుతుంది. మరుసటి శీతాకాలంలో వీటిని తవ్వి, ఆకులు దూసివేసి, తడిగుడ్డలో లేదా అరటి దొప్పలో చుట్టి పక్క ఊరికి పంపవచ్చు. గంటల వ్యవధిలో నాటబడే ఈ మొక్కకు నిద్రావస్థ లేని లోటు అంతగా బాధించదు. ఇక్కడి నేలను, నీటిని ఇదివరకే తట్టుకొన్న మొక్క కావడం అదనపు లాభం. కొత్తగా గులాబి పెంచేవారికి బయటి రకాల కంటే ముందుగా దీనినే సూచించవలెను.

నాటే విధానం

గుంతను నాటడానికి నెల ముందే, వానలలో పని చెడకుండా ఎడమ చూసి తీసి ఉంచుకొనవలెను. 45 సెంటీమీటర్ల పొడవు, వెడల్పు, లోతు చాలును. అడుగున రాతి పొర తగిలితే గడ్డపారతో పగులగొట్టవలెను, లేకపోతే ఆ గుంత కుండ వలె నీరు పట్టి ఉంచుతుంది. నీరు నిలిచే పల్లంలో గుంతకు బదులు జానెడు ఎత్తు కట్ట వేసి దానిపై నాటడం మేలు. పైమట్టికి మూడవ వంతు బాగా చివికిన పశువుల ఎరువు, పావు కిలో వేపపిండి కలిపి గుంత నింపవలెను. సగం చివికిన ఎరువు వేస్తే చెదలు చేరుతాయి. ఎర్ర నేలలలో క్రొత్త గులాబీలు చనిపోవడానికి చెదలు పెద్ద కారణం. రసాయనిక ఎరువులు గుంతలో వేయరాదు. కొత్త పీచు వేళ్ళు ఉప్పుకు మాడిపోతాయి.

నాటే ముందు మొక్కను వేళ్ళు, కాండం మునిగేలా నీడలోని బకెట్ నీటిలో ఎనిమిది నుండి పన్నెండు గంటలు నానబెట్టవలెను. ఒక రోజు మించితే వేళ్ళకు గాలి అందదు. తరువాత విరిగిన, కుళ్ళిన వేళ్ళను మాత్రమే పదునైన కత్తెరతో కత్తిరించవలెను. కొమ్మలను మాత్రం జానెడు పొడవుకు, బయటివైపు చూసే కన్నుకు పైన, ఏటవాలుగా కోయవలెను. మూడు నాలుగు కొమ్మలు మించి ఉంచరాదు. తవ్వేటప్పుడు మొక్క వేళ్ళలో పెద్ద భాగం పోగొట్టుకొని వచ్చినది. మిగిలిన వేరు మోయగలిగినంత కొమ్మనే ఉంచవలెనన్నది ఇందులోని సూత్రం. డబ్బు పెట్టి కొన్న కొమ్మను కోయడానికి చేయి రాకపోవడం సహజమే గాని, కోయని మొక్క తనంతట తానే ఆ కొమ్మను ఎండబెట్టుకొంటుంది.

గుంత మధ్య మట్టిని శంఖాకారంలో కుప్ప చేసి, దానిపై మొక్కను కూర్చోబెట్టి, వేళ్ళను నలువైపులా జారవిడువవలెను. ఒకే వైపుకు మడవరాదు. అంటు మొక్క అయితే అంటు ముడి నేలకు రెండు మూడు అంగుళాల పైన ఉండవలెను. చలిదేశాలలో మంచు నుండి కాపాడడానికి ముడిని పూడ్చుతారు. ఇక్కడ పూడ్చితే తేమకు కుళ్ళు పడుతుంది. సగం మట్టి నింపి ఒక బకెట్ నీరు పోసి, అది ఇంకి మట్టి సర్దుకొన్న తరువాత మిగిలినది నింపవలెను. కాలితో గట్టిగా తొక్కరాదు.

పిదప కొమ్మల చుట్టూ తేమ మట్టిని, లేదా తడిపిన కొబ్బరిపొట్టును కొమ్మల చివర్లు రెండంగుళాలు కనబడేంతవరకు కుప్పగా పోయవలెను. చలిదేశాలలో ఇది మంచు కోసం చేసే పని. ఇక్కడ కొమ్మలు ఆరిపోకుండా, చిగురు ఆలస్యం అయ్యేటట్లు చేయడానికి ఉపయోగపడుతుంది. వేరు పుట్టేవరకు మొక్కను కొంతకాలం కృత్రిమంగా నిద్రలో ఉంచడమే దీని ప్రయోజనం. అంటు ముడి కూడా ఈ కొద్ది రోజులు కప్పబడి ఉన్నా హాని లేదు. మూడు వారాల తరువాత, చిగుళ్ళు అంగుళం పొడవు వచ్చినప్పుడు, ఒక సాయంకాలం ఈ మట్టిని నీటి ధారతో మెల్లగా తొలగించవలెను. చేతితో లాగితే చిగుళ్ళు విరుగుతాయి. పడమటి వైపు ఒక తాటాకు లేదా గోనెపట్టా దడి కట్టితే మధ్యాహ్నపు ఎండ తగ్గుతుంది.

పొద రకాలకు మొక్కకు మొక్కకు మధ్య నాలుగు అడుగుల దూరం అవసరం. దట్టంగా నాటితే గాలి ఆడక తెగుళ్ళు చేరుతాయి.

మొదటి ఎండాకాలం

తక్కువ శ్రమ గల గులాబి అన్న మాట మొదటి ఎండాకాలానికి వర్తించదు. ఆ నాలుగైదు నెలలు ఈ మొక్క కూరగాయ మొక్క అంత శ్రద్ధ కోరుతుంది. ఫిబ్రవరి, మార్చి నెలలలో మూడు రోజులకొకసారి, ఏప్రిల్ నుండి రోజు విడిచి రోజు, వడగాలుల రోజులలో ప్రతి సాయంకాలం పాదు నిండా నీరు పెట్టవలెను. పైపైన చిలకరించిన నీటికి వేళ్ళు పైకే వస్తాయి, అటువంటి మొక్క ఒక్క రోజు నీరు తప్పినా వాడిపోతుంది. పాదుపై వరిగడ్డి, వేరుశనగ పొట్టు లేదా ఎండుటాకులను మూడంగుళాల మందాన పరచి, కాండానికి తగలకుండా కొద్దిగా ఎడం ఉంచవలెను. ఇది నీటి ఖర్చును బాగా తగ్గిస్తుంది. చెదల కోసం పొట్టు క్రింద వేపపిండి చల్లాలి.

మొదటి మూడు నెలలలో వచ్చిన మొగ్గలను శనగగింజంత ఉన్నప్పుడే త్రుంచివేయవలెను. ఇంటివారు దీనికి ఒప్పుకోకపోవచ్చును. కనీసం మొదటి విడత మొగ్గలనైనా త్రుంచితే ఆ బలం వేరుకు పోతుంది. మే నెలలో పూసిన పూలు చిన్నవిగా, రంగు వెలిసి, ఒక పూటకే రేకులు రాల్చుతాయి. అది మొక్క లోపం కాదు. జూన్‌లో చిన్న చినుకులు పడగానే గుప్పెడు వేపపిండి, రెండు గంపల ఎరువు వేసి మట్టి గుల్ల చేస్తే, ఆ తరువాతి సంవత్సరాలలో వారానికి ఒకటి రెండు సార్లు నీరు, ఏడాదికి రెండుసార్లు ఎరువు తప్ప వేరే పని ఉండదు.

అంటు మొక్కలలో ముడి క్రింద నుండి వచ్చే పిలకలు వేరు మూలానివి. వీటిని గమనించకపోతే రెండేళ్ళలో కొన్న రకం చచ్చి, వేరు మూలమే పొదగా మిగులుతుంది. "ఎరుపు గులాబి కొంటే గులాబి రంగులోకి మారింది" అని చెప్పుకొనే సందర్భాలలో చాలావరకు జరిగినది ఇదే. పిలకను కత్తిరిస్తే మళ్ళీ వస్తుంది. మట్టి తవ్వి పుట్టిన చోటనుండి పెరికివేయవలెను. సొంత వేరు మీద పెరిగిన మొక్కకు ఈ బెడద లేదు. పొద గులాబీలను వీలైనంతవరకు సొంత వేరు మీదనే పెంచడం మంచిదనడానికి ఇది ముఖ్య కారణం.

కత్తిరింపు

హైబ్రిడ్ టీ గులాబీలను హైదరాబాదు వంటి చోట్ల అక్టోబరులో మోకాలెత్తుకు కత్తిరిస్తారు. నెల్లూరు జిల్లాలో ఆ సమయానికి ముసురు పట్టి ఉంటుంది కనుక కోసిన గాయాల ద్వారా కొమ్మ ఎండు తెగులు ప్రవేశిస్తుంది. పొద రకాలకు తొందర లేదు. డిసెంబరులో వాన వెనుకబడిన తరువాత ఎండు కొమ్మలు, లోపలికి పెరిగి రాసుకొనే కొమ్మలు తీసివేసి, మిగిలిన పొదను మూడవ వంతు తగ్గిస్తే చాలును. కోసిన లావు కొమ్మల చివర్లకు బోర్డో పేస్టు పూయవలెను. ఆరేడు ఏళ్ళ తరువాత బెరడు బూడిద రంగుకు తిరిగిన ముసలి కొమ్మలను ఏడాదికొకటి చొప్పున నేలమట్టానికి కోస్తే, మొదలు నుండి కొత్త కొమ్మలు వచ్చి పొద తిరిగి పడుచుదవుతుంది.

తెగుళ్ళు, పురుగులు

చలిదేశాలలో గులాబికి ప్రధాన శత్రువైన నల్లమచ్చ తెగులు ఇక్కడ వానల నెలలకే పరిమితం. ఆకులపై తడి ఆరకుండా గంటల తరబడి ఉన్నప్పుడే అది వ్యాపిస్తుంది. కనుక ఈ తెగులును తట్టుకొంటుందన్న ఒక్క గుణం చూసి రకాన్ని ఎన్నుకొనడంలో ఇక్కడ అంత అర్థం లేదు. బూడిద తెగులు జనవరి, ఫిబ్రవరి నెలలలో, రాత్రి చలి పగటి వెచ్చదనం ఉన్నప్పుడు లేత చిగుళ్ళను పట్టుతుంది. నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు కలిపి చల్లవచ్చు, ఎండ ముదిరిన తరువాత చల్లితే ఆకులు మాడుతాయి.

ఈ ప్రాంతంలో నిజమైన బాధ పురుగులది. మార్చి నుండి తామర పురుగులు మొగ్గలలో చేరి రేకుల అంచులను గోధుమ రంగుకు మార్చుతాయి. ఏప్రిల్, మే నెలలలో ఎర్రనల్లి ఆకు అడుగున సాలీడు గూడు వంటి సన్నని దారాలు అల్లి రసం పీల్చుతుంది. మూడు రోజులకొకసారి ఉదయం వేళ ఆకు అడుగుభాగం తడిసేలా నీటి ధార కొట్టడం దీనికి సులభమైన చికిత్స. పొలుసు పురుగు పట్టిన కొమ్మలను పాత టూత్‌బ్రష్‌తో రుద్దవచ్చు. పురుగు మందులు విచ్చలవిడిగా వాడితే నల్లిని తినే మేలు పురుగులు చనిపోయి, నల్లి రెట్టింపవుతుంది. పొద గులాబి ఆకులు కొన్ని పోయినా తిరిగి వేసుకొంటుంది కనుక ఓర్చుకొనడమే చాలా సందర్భాలలో మేలు.

వేడి ప్రాంతాలకు తగిన రకాలు

నాటు గులాబి, పన్నీరు గులాబి అని పిలువబడే పాత రకాలు, ఎడ్వర్డ్ గులాబి మొదట చెప్పుకొనదగినవి. చైనా వర్గంలో "ఓల్డ్ బ్లష్", 1832లో వెలువడిన ఎర్రని "క్రామోయిసి సుపీరియర్", పూసిన తరువాత పసుపు నుండి ఎరుపుకు రంగు మారే "మ్యూటబిలిస్" ఎండను బాగా తట్టుకొంటాయి. 1897 నాటి "గ్రూస్ ఆన్ టెప్లిట్జ్" ఉత్తర భారతంలోను, పాకిస్తానులోను విడిపూల కోసం విస్తారంగా సాగవుతున్నది. తెల్లని "ఐస్‌బర్గ్" (1958) మన మైదానాలలో అందరికీ తెలిసినదే. 1932 నాటి "ది ఫెయిరీ" గుత్తులుగా చిన్న పూలు పూస్తుంది. నాకౌట్ రకాలకు సువాసన దాదాపు లేదు. పూజకు, జడకు గులాబి కోరే ఇళ్ళలో ఇది చిన్న లోపం కాదు.

వేడి దేశాలకు ప్రత్యేకంగా గులాబీలను సృష్టించవలెనన్న ఆలోచనకు తెలుగు నాటితో సంబంధమున్నది. ఆంధ్ర ప్రదేశ్ కేడరుకు చెందిన ఐ.ఏ.ఎస్. అధికారి ఎం.ఎస్. వీరరాఘవన్ హైదరాబాదులో ఉన్నప్పుడే గులాబీల సంకరణ చేపట్టి, ఉద్యోగం విడిచి కొడైకెనాల్‌లో స్థిరపడి, భార్య గిరిజతో కలిసి ఆ పనిని కొనసాగించినారు. చలిదేశాల గులాబీలను వేడి నేలలో బ్రతికించడానికి పాటుపడేకంటే, మణిపూర్, మయన్మార్ కొండల రోజా జైగాంటియాను, తూర్పు భారతంలో నీటి ఒడ్డున పెరిగే రోజా క్లైనోఫిల్లాను తల్లిదండ్రులుగా తీసుకొని కొత్త వంశం నిర్మించవలెనన్నది వారి వాదన. వారి రకాలలో ఒకటైన "గోల్డెన్ థ్రెషోల్డ్"కు సరోజినీ నాయుడు తొలి కవితా సంపుటి పేరు, హైదరాబాదులోని ఆమె ఇంటి పేరు కూడా అదే. 2014లో ప్రపంచ గులాబి సమాఖ్యల ప్రాంతీయ సమావేశం హైదరాబాదులో జరిగినది.

ప్రవాసాంధ్రుల తోటలలో

మట్టిలేని గులాబి మొక్కలు తెలుగువారికి నిజంగా నిత్యపరిచితమైనది అమెరికాలో. టెక్సాస్ రాష్ట్రంలోని డాలస్ పరిసరాలలో తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఉన్నవి. అక్కడ జనవరి, ఫిబ్రవరి నెలలలో అంగళ్ళలో ప్లాస్టిక్ చుట్టిన గులాబి మొక్కలు దొరుకుతాయి. టెక్సాస్ ఏ అండ్ ఎం వ్యవసాయ విస్తరణ విభాగం "ఎర్త్‌కైండ్" అన్న పేరుతో, ఎరువులు మందులు లేకుండా పరీక్షించి నిలిచిన రకాలను సిఫారసు చేస్తుంది. బెలిండాస్ డ్రీమ్ వాటిలో ఒకటి. టెక్సాస్ వేసవి మన వేసవికి కొంత దగ్గర కనుక, పేరు చూసి రకం ఎన్నుకొనేవారు అయోవా జాబితా కంటే ఈ జాబితాను చూడడం మేలు. అయితే డాలస్‌లో మొక్కను నిద్రపుచ్చే మంచు కురుస్తుంది. అక్కడి బంధువులు పంపిన నాటే సూచనలలోని నెలలను యథాతథంగా అనుసరించరాదు. విదేశాల నుండి మొక్కలను సామానులో తెచ్చుకొనడం కూడా నిషిద్ధం. దిగుమతి అనుమతి, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేనివాటిని విమానాశ్రయంలోనే తీసుకొంటారు.

వాడుక

ఈ ప్రాంతంలో విడి గులాబీలకు గిరాకీ పెళ్ళిళ్ళు, దేవాలయాలు, దర్గాల వలన ఉన్నది. ఆత్మకూరుకు సమీపంలోని ఏ.ఎస్.పేట దర్గా ప్రసిద్ధమైనది. దర్గాలలో సమర్పించే పూల చాదరులకు పొడవు కాడ గల బొకే గులాబి కంటే, ఎక్కువ రేకులు, వాసన గల పొద గులాబి తగినది. పూలను తెల్లవారుజామున, సగం విచ్చినప్పుడు కోసి, తడిగుడ్డ పరచిన వెదురు బుట్టలో ఉంచితే మధ్యాహ్నం వరకు వాడవు. మందు చల్లిన మొక్కల రేకులను గుల్కందుకు, పన్నీరుకు వాడరాదు. పెరటిలో మందు లేకుండా పెంచిన పన్నీరు గులాబి రేకులనైతే సమానమైన తూకం పటికబెల్లం పొడితో పొరలు పొరలుగా గాజు సీసాలో నింపి, మూడు నాలుగు వారాలు ఎండలో ఉంచి గుల్కందు చేసుకొంటారు.